బాగున్నప్పుడు చూడాలి

మానుకోటలో నేను పిచ్చి డాక్టర్‌ని. ఆ పేరు జనం పెట్టిందే, నాకేం బాధ లేదు. నాకు ఒళ్లు మండేది తొందరపడి పెట్టే జబ్బు పేర్లు వింటేనే.

నెల్లికుదురు అవతలి తండా నుంచి ఒక బాలింతను ఆటోలో తీసుకొచ్చారు. నిద్ర లేదు. కాసేపు ఏడుపు, కాసేపు నవ్వు. గోడలోంచి ఎవరో పిలుస్తున్నారంటుంది. పట్నంలో ఒక డాక్టరు అప్పటికే స్కిజోఫ్రీనియా అని, జీవితాంతం పోదని చెప్పి పంపాడట. ఆ మాట పట్టుకుని తండా పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. బిడ్డను అత్తింట్లో ఉంచి, తల్లిని పుట్టింటికి పంపాలని మాటొచ్చింది. ఆఖరి మాట మిరప ఏరడం అయ్యాక తేలుద్దామన్నారు.

నాకు ఆ పేరు నమ్మబుద్ధి కాలేదు. కాన్పు కాగానే ఉన్నట్టుండి వచ్చింది, రోజుకో తీరుగా మారుతోంది. ఇలాంటి జబ్బుల్లో కొన్ని, పుస్తకాల్లోని ఏ పేరుకీ లొంగవు. వచ్చినంత వేగంగా తగ్గి, మనిషి మునుపటిలా పనిలో పడుతుంది. కొందరికి మళ్లీ వస్తాయి. కొందరిలో మాత్రం ముదిరి మనిషినే మార్చేస్తాయి. మొదట్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తగ్గాక మనిషి ఎలా ఉందో చూస్తేనే ఏది ఏదో తెలుస్తుంది.

పాలివ్వడానికి అడ్డురాని మందులిచ్చాను. కుదుటపడింది. నెలనెలా తీసుకురమ్మంటే మాత్రం తీసుకురాలేదు. బాగున్న మనిషిని దవాఖాన గడప తొక్కిస్తే రోగం మళ్లీ వెంటపడుతుందని వాళ్ల భయం. మందులకు అత్త ఒక్కతే వచ్చేది.

"కోడలేదమ్మా?"

"మంచిగున్నది సారూ. మంచిగున్నదాన్ని గీడికెందుకు తెస్త?"

"నేను చూడకుంటే పెద్దమనుషులకు ఏం చెప్పాలె?"

ఆమె మందులు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మీరు తేకపోతే నేనే వస్తానని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

పంచాయితీ రోజు పొద్దున్నే తండాకు పోయాను. కోడలు చేనులో మిగిలిన ఆఖరి మిరపకాయలు ఏరుతోంది. పక్కనే చీర ఉయ్యాలలో పిల్ల. నన్ను చూసి నడుం నిలబెట్టింది.

"ఏంది సారూ, కాయ మీద నిలబడ్డవ్. జర పక్కకు జరుగు!"

అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

పంచాయితీలో పెద్దమనిషి సూటిగా అడిగాడు. "మళ్ల రాదని రాసిస్తవా?"

"రాసియ్యను. వస్తదో రాదో నాకూ తెల్వదు. వస్తే మళ్ల తగ్గిస్త. బిడ్డను మాత్రం తల్లి దగ్గరి నుంచి తీయొద్దు."

అందరూ అత్త పక్కన నిలబడ్డ కోడలి వైపు చూశారు. అత్త చేతుల్లోంచి పిల్లను తీసుకుని చంకనేసుకుంది.

"పిల్ల పాలకేడుస్తున్నది. నేను పోతున్న, మీ పంచాయితీ మీరు తెంపుకోండ్రి."

ఆమెను ఆపడానికి ఎవరూ లేవలేదు.