స్ప్రింగ్ బాబాయ్ నడుం

మా బాబాయ్ ఉద్యోగం పడుకోవడం. ఈ మాట విని నవ్వేవాళ్లు పరుపుల షాపులో ఎప్పుడూ పనిచేసి ఉండరు.

పెద్ద రోడ్డు మీద అద్దాల షాపు. లోపల వరసగా మంచాలు, మంచాల మీద పరుపులు, వాటి మీద ఎప్పటికీ విప్పని ప్లాస్టిక్ కవర్లు. కొనడానికి వచ్చినవాళ్లు పండు మగ్గిందో లేదో చూసినట్టు పరుపుని బొటనవేలితో నొక్కి చూసేవాళ్లు. బొటనవేలితో ఎవడూ పడుకోడు కదా, ఎవరైనా పడుకుని చూపిస్తే బేరం తెగుతుందని మా ఓనరు గారికి ఒకనాడు తోచింది. ఆ పని బాబాయ్‌కి పడింది.

ఆయన కొనేవాళ్లకి ఎదురుగా నిలబడి, వెనక్కి వాలి, ధబ్బున పరుపు మీద పడేవాడు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కళ్లు మూసుకునేవాడు. తర్వాత చెయ్యి ఎక్కడా ఆనించకుండా ఒక్క ఊపున లేచి కూర్చుని, అదే ఊపులో నిలబడేవాడు. చొక్కా సర్దుకుంటూ, "చూశారా సార్, నేను లేవలేదు. పరుపే లేపింది" అనేవాడు. షాపులో అందరూ ఆయన్ని స్ప్రింగ్ అనేవాళ్లు. నేను అక్కడే పరుపులు వ్యానుకి ఎత్తి ఇళ్లలో దించి వస్తుంటాను కాబట్టి, స్ప్రింగ్ బాబాయ్ అంటాను.

నిజానికి లేపింది పరుపు కాదు, ఆయన నడుం. అబద్ధం అమ్ముకునేవాడు దాన్ని తను మాత్రం నమ్మకూడదు. ఆ వృత్తికి ఉన్న నీతి అదొక్కటే. బాబాయ్ ఆ నీతి తప్పాడు. ఏళ్ల తరబడి రోజంతా అదే మాట చెప్పీ చెప్పీ, పరుపు మనిషిని బాగుచేస్తుందని మనస్ఫూర్తిగా నమ్మేశాడు.

ఒకరోజు పొద్దున్న సాక్సు తొడుక్కోబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పిరుదులో ఎవరో కరెంటు తీగ గుచ్చి, తొడ వెనకనుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా లాగినట్టుందట. పిన్ని పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదు, సాక్సు వెతుకుతున్నా" అన్నాడు.

"చేతిలో ఉందిగా" అంది పిన్ని.

దాచడానికి కారణం ఉంది. ఓనరు గారి అల్లుడు కొత్తగా షాపుకి వస్తున్నాడు. కండలు తిరిగిన మనిషి, చొక్కా గుండీలు ఎప్పుడు తెగిపోతాయా అన్నట్టుంటాడు. అతను ఖాళీ దొరికితే చాలు, మూల మంచం మీద పడి లేవడం సాధన చేస్తున్నాడు. మా షాపులో ఎగరలేనివాడు గోడౌనుకి పోవాలి. అక్కడ పీట మీద కూర్చుని, నురుగు పొడి పీలుస్తూ, దిళ్లకి గలీబులు తొడగాలి. బాబాయ్‌కి నిలబడితే నొప్పి, పడుకుంటే నొప్పి, కూర్చుంటే మాత్రం ప్రాణం పోయేది. ఆ గోడౌను పీట తలుచుకుంటేనే ఆయన మొహం పాలిపోయేది.

దానికి తోడు లాడ్జి యజమానురాలి బేరం ఒకటి. ఆవిడ కొత్తగా ఇంకో లాడ్జి కట్టించింది, గదులన్నిటికీ పరుపులు కావాలి. ఓనరు గారు బాబాయ్‌ని పిలిచి, "ఆవిడొచ్చినప్పుడు నువ్వే చూపించాలయ్యా. నీ వల్ల కాకపోతే చెప్పు, అల్లుడు చూపిస్తాడు. ఆ తర్వాత కూడా అతనే చూపిస్తాడు" అన్నారు. ఆయన ఎవర్నీ బెదిరించరు. జరగబోయేది మర్యాదగా చెప్తారంతే.

పరుపులమ్మే మనిషికి నడుం పట్టేస్తే ఏం చేస్తాడు? పరుపు తెచ్చుకుంటాడు. మా షాపులో అన్నిటికంటే గొప్పది 'వెన్నుమిత్ర'. షాపులో చూపించడానికి ఉంచిన దాన్ని, ఇంటికి చుట్టాలొచ్చారని చెప్పి ఓనరు గారినడిగి, నా వ్యానులోనే ఇంటికి తెచ్చుకున్నాడు. అది వాళ్ల మంచం కంటే వెడల్పు. ఒక పక్క జానెడు బయటికి వేలాడేది. తెల్లారి లేవబోతే కాలు ముందుకు రాలేదు.

"కొత్త పరుపు కదే. నడుం అలవాటు పడాలి. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది" అన్నాడు పిన్నితో. పరుపు బాగాలేదని ఫిర్యాదు చేసేవాళ్లకి ఆయన షాపులో చెప్పే మాట అక్షరం పొల్లుపోకుండా అదే. ఆ తర్వాత దాన్ని తిరగేశాడు. తగ్గలేదు. కింద గట్టిది వేసి పైన ఇది వేశాడు. తగ్గలేదు. మధ్యలో మెత్తటిది ఇంకోటి పెట్టాడు. మూడూ నేనే మోశాను. మంచం పిన్ని గుండెల దాకా లేచింది.

"ఎక్కడానికి మెట్లు కట్టిద్దామా, నిచ్చెన కొనుక్కుందామా?" అంది పిన్ని. ఆవిడ అప్పటికే కింద చాప వేసుకుని హాయిగా నిద్రపోతోంది.

కబురు తెలిసి సలహాలు వచ్చిపడ్డాయి. జ్వరమొస్తే మనవాళ్లకి డాక్టరు గుర్తొస్తాడు. నడుం నొప్పి అనగానే ప్రతివాడికీ తానే గుర్తొస్తాడు. ఎదురింటాయన వేడినీళ్ల సంచి పెట్టమన్నాడు. ఆయన భార్య అక్కడే నిలబడి, ఐసు పెట్టమంది. బాబాయ్ నొప్పి పక్కకిపోయి వాళ్లిద్దరి సంసారం బయటికొచ్చింది. దూలం పట్టుకుని వేలాడమన్నాడు ఒకాయన. బాబాయ్ వేలాడాడు. దిగడానికి మాత్రం నన్ను పిలవాల్సి వచ్చింది.

షాపులో ఆయన ఎగరడం తగ్గించి ఆలోచించడం మొదలెట్టాడు. గోడకి ఆనుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏదో లెక్క కడుతున్నట్టు నిలబడేవాడు. తప్పనిసరై ఎగిరితే, లేచాక ఆ నవ్వు మొహం మీద బిగుసుకుపోయి ఎంతసేపటికీ దిగేది కాదు. కొనేవాళ్లు దాన్ని ఆనందం అనుకున్నారు.

చివరికి పిన్నే ఆయన్ని ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రిక్షా, ఆటో ఏదీ ఎక్కలేకపోతే నా వ్యానులో, వెనక పరుపుల మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. దార్లో ఎవరో చూసి, సరుకు బాగానే అమ్ముతున్నారే అని నవ్వారు.

డాక్టరు గారి వరండా నిండా జనం. బాబాయ్ కూర్చోలేక, అస్థిపంజరం బొమ్మ కింద గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్క తలా ఇటు తిరగడం మొదలైంది. సగం మంది ఆయన అమ్మిన పరుపుల మీద పడుకునేవాళ్లే.

నడుముకి బెల్టు కట్టుకున్న బ్యాంకు క్యాషియరు మెల్లగా లేచి దగ్గరికొచ్చాడు. "మీరే కదండీ నాకు వెన్నుమిత్ర ఇచ్చింది?"

"అవునండీ" అన్నాడు బాబాయ్, కళ్లు దించుకుని.

"ఎలా లేవాలో కూడా చూపించారు. ఇంటికెళ్లి నేనూ అలాగే లేవబోయాను. అప్పట్నుంచీ ఇక్కడే ఉంటున్నాను."

పిన్ని కలగజేసుకుంది. "మా ఇంట్లో మూడున్నాయి అన్నయ్యగారూ. మీదీ పంపించండి, కలిపేస్తాం."

వరండాలో కొందరు నవ్వబోయి, నవ్వితే నొప్పి పుట్టి ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే చేతికర్ర పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. లాడ్జి యజమానురాలు. బాబాయ్ అస్థిపంజరం వెనక్కి పోదామని చూశాడు గానీ అది కాగితం మీద బొమ్మ.

"మీరు స్ప్రింగ్ కదూ?" అంది ఆవిడ. "వచ్చే నెల మీ షాపుకే వద్దామనుకుంటున్నాను. మీకూ ఇదేనా?"

బాబాయ్ తలూపాడు.

"అయితే ఒక్క మాట చెప్పండి. మీ వెన్నుమిత్ర మీద పడుకుంటే ఇది తగ్గుతుందా?"

ఏళ్ల నాటి జవాబు ఆయన నాలిక చివర సిద్ధంగా ఉంది. నోరు కూడా తెరిచాడు. అప్పుడే కాల్లో తీగ లాగింది. "తగ్గదమ్మా" అన్నాడు. "నేను మూడింటి మీద పడుకుని చూశాను."

ఆవిడ కర్ర ఆనించుకుంటూ చీటీ రాయించుకోవడానికి వెళ్లిపోయింది. బాబాయ్ మాత్రం ఆ క్షణంలోనే గోడౌనులో తన పీట చూసుకున్నాడు.

లోపల డాక్టరు కాలు ఎత్తి చూసి, పాదం వంచి చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగారు.

"పడుకుంటానండీ."

డాక్టరు పిన్ని వైపు చూశారు. "ఉద్యోగమే అదండీ" అంది పిన్ని, తల కొట్టుకుంటూ. తర్వాత మొత్తం వివరించింది. ధబ్బున పడటం, చేతులు కట్టుకోవడం, ఒక్క ఊపున లేవడం. డాక్టరు కలం కింద పెట్టి విన్నారు.

"దీన్ని సయాటికా అంటారు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బి కాలికి పోయే నరాన్ని నొక్కుతోంది. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మాత్రలు రాస్తాను. అలాగని మంచమెక్కి ఉండిపోకండి, ఓర్చుకోగలిగినంత నడవండి. ఆ ఎగరడం మాత్రం ఇవాళ్టితో సరి. పాదం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, ఒంటేలు సంగతి తెలియకుండా పోయినా, ఒక్క పూట కూడా ఆగకుండా వచ్చెయ్యండి."

బాబాయ్ అంతా విని, తలుపు దాకా వెళ్లి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "మరి ఏ పరుపు మంచిదండీ?"

"నిద్రపట్టేది" అన్నారు డాక్టరు.

పక్క గదిలో కసరత్తులు నేర్పే అమ్మాయి మంచం మీంచి లేవడం నేర్పింది. ముందు పక్కకి ఒత్తిగిలాలి. మోకాళ్లు ముడవాలి. కాళ్లు కిందికి జారుస్తూ, మోచెయ్యీ అరచెయ్యీ ఆనించి ఒంటిని పైకి తోసుకోవాలి. ఊరందరికీ పడుకోవడం నేర్పిన మనిషి ఆ వయసులో లేవడం నేర్చుకున్నాడు. అంత తేలిగ్గా రాలేదు. అలవాటు చొప్పున ఎగరబోవడం, అరవడం, ఆ అమ్మాయి "మళ్లీ మొదట్నుంచీ అంకుల్" అనడం.

మూడు పరుపులూ వెనక్కి మోసుకెళ్లాను. బాబాయ్ మిగిలిన సెలవులన్నీ పెట్టేసి తన పాత పరుపు మీదికి చేరాడు. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, పక్కకి తిరిగి పడుకునేవాడు. సాయంత్రాలు నేనూ ఆయనా నడిచేవాళ్లం. మొదట వీధి చివరి దాకా. ఆ తర్వాత మందుల షాపు దాకా. ఆ తర్వాత, ఆగి ఆగి, వంతెన దాకా. నొప్పి ముందు పాదం ఖాళీ చేసింది. తర్వాత పిక్క వదిలింది. అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తూ సామాను ఒక్కొక్కటే తీసుకెళ్తున్నట్టు ఉందనేవాడు బాబాయ్. కిందనుంచి పైకి పోతుంటే మంచి లక్షణమే అంది ఆ అమ్మాయి. కానీ తొడలో ఇంకా కాపురం ఉంది. లాడ్జి యజమానురాలు వచ్చేరోజు వచ్చేసింది.

ఓనరు గారు ఆవిడకి కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చోనంది. ఎందుకు కూర్చోనందో షాపులో నాకూ బాబాయ్‌కీ మాత్రమే తెలుసు. మూల మంచం దగ్గర అల్లుడు చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

"చూపించవయ్యా" అన్నారు ఓనరు గారు.

బాబాయ్ పరుపు ముందు నిలబడ్డాడు. ఒక్కసారి ఎగిరితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. కాలు నిలుస్తుందో లేదో చెప్పలేం. నేను పరుపుల దొంతర పక్కన నిలబడ్డాను. ఆయన వెనక్కి వాలతాడేమో, పట్టుకోవాలేమో అనుకున్నాను. వాలలేదు. మంచం అంచు మీద మెల్లగా కూర్చున్నాడు. మోచెయ్యి ఆనించి పక్కకి ఒరిగాడు. కాళ్లు పైకి తీసుకున్నాడు. వెల్లకిలా తిరిగి కాసేపు అలాగే ఉన్నాడు. మళ్లీ పక్కకి ఒత్తిగిలి, కాళ్లు జార్చి, చెయ్యి ఆనించి లేచాడు. ఇదంతా అయ్యేసరికి ఓనరు గారి మొహంలో చాలా రంగులు వచ్చిపోయాయి.

"ఇలా పడుకోవాలి, ఇలా లేవాలి అమ్మా" అన్నాడు బాబాయ్. "నురుగు మంచిదే. కుట్టు గట్టిది. అంచు మీద కూర్చుంటే కుంగదు. అంతకు మించి ఇదేమీ చెయ్యదు."

"మావయ్యా, నేను చూపించనా" అన్నాడు అల్లుడు.

ఆవిడ చేతికర్ర అతనికిచ్చి పట్టుకోమంది. తనే అంచు మీద కూర్చుని, బాబాయ్ చేసినట్టే పడుకుని, అలాగే లేచింది. "నాకూ ఆ అమ్మాయి ఇదే నేర్పింది" అంది. తర్వాత ఓనరు గారి వైపు తిరిగింది. "మొన్న ఇంకో షాపుకి పోతే ఒకడు నా ముందు పిల్లిమొగ్గలేశాడు. నేను లాడ్జి కడుతున్నానా, సర్కసు పెడుతున్నానా? ఇవే పంపించండి. వెన్నుమిత్రలు వద్దు, మామూలువి చాలు. ఒక్కపూట దిగి పోయేవాళ్ల వెన్నుకి మిత్రులెందుకు?"

ఆవిడ వెళ్లాక ఓనరు గారు బాబాయ్ వైపు తిరిగి, "ఇది కొత్త పద్ధతి అని ముందే చెప్పొద్దూ" అన్నారు.

మంచి మాట దొరికితే దాన్ని కూడా అబద్ధంగా మార్చి అమ్మడం మా ఓనరు గారికి పుట్టుకతో వచ్చిన విద్య. తర్వాతి వారం షాపు ముందు కొత్త బోర్డు వెలిసింది. 'వెన్నెముక నిపుణుల పర్యవేక్షణలో' అని. నిపుణులు అంటే బాబాయ్. అల్లుణ్ణి ఆయన దగ్గర నేర్చుకోమన్నారు. పాపం, అతనికి ఎగరడం వచ్చినంత తేలిగ్గా నెమ్మదిగా లేవడం రావడం లేదు. కండలు అడ్డం పడుతున్నాయి.

నాకు ఒళ్లు మండింది. ఆ బోర్డు తీయించమని బాబాయ్‌తో పోట్లాడాను.

"తీయిస్తే నువ్వొచ్చి గోడౌనులో కూర్చుంటావా?" అన్నాడు. "తొడలో కూడా తగ్గిపోయిందిరా. సాక్సు నేనే తొడుక్కుంటున్నాను. బోర్డు సంగతి తర్వాత చూద్దాం."

మొన్న ఆ బోర్డు చూసి, తొడ పట్టుకుని కుంటుతూ ఒకాయన వచ్చాడు. బాబాయ్ ఆయన్ని ఏ మంచం మీదా కూర్చోనివ్వలేదు. భుజం మీద చెయ్యేసి, మంచాల మధ్య అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. డాక్టరు గారి వీధి ఎటు వైపో చేత్తో చూపించాడు. ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"ఏమయ్యా, దిండు కూడా కొనలేదే?" అన్నారు ఓనరు గారు.

"డాక్టరు దగ్గరికి పొమ్మన్నానండీ. నడవమన్నాను."

ఓనరు గారు ఏదో అనబోయి, అద్దంలోంచి బోర్డు వైపు చూసి, ఊరుకున్నారు. నౌకరుని తిట్టడం ఆయనకి బాగా తెలుసు. నిపుణుణ్ణి ఎలా తిట్టాలో ఇంకా తెలీదు.