వాసన తెలియని వంటమనిషి

2023 డిసెంబరు. తిరుపతిలో మా ఇంటి వంటగదిలోనే నేను హోమ్ కుకింగ్ క్లాస్ నడుపుతున్నాను. ఊరు చూడవచ్చిన విదేశీయులు ఒక పూట మాతో కలిసి వండి, వండింది తిని వెళ్తారు. కార్వేటినగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మునెమ్మ నాకు తోడు. పెళ్ళివంటల్లో చెయ్యి తిరిగిన మనిషి.

ఆ రోజు క్లాసుకు ఎలేనా ఒక్కతే వచ్చింది. ఇటలీలో ఒక చిన్న ఊరు ఆమెది, యాభై దాటిన వయసు. ఉల్లిపాయ తరిగిన తీరులోనే వంట ఆమెకు కొత్త కాదని తెలిసిపోయింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి నేర్పుదామనుకున్నాను. ఊరిబిండి అంటే మా వైపు వేయించిన వేరుశనగ గింజలతో రోట్లో నూరే పచ్చడి. బాణలిలో చెనిక్కాయలు పోసి, కమ్మటి వాసన రాగానే దించమని చెప్పి, కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్ళాను. మునెమ్మ అక్కడే బియ్యం కడుగుతోంది.

మాడు వాసన పెరట్లోకి వచ్చింది. ఇద్దరం పరుగున వచ్చేసరికి గింజలు నల్లబడ్డాయి, ఎలేనా ఇంకా కలుపుతూనే ఉంది. వాసన రాలేదా అని కటువుగానే అడిగాను.

ఆమె పొయ్యి ఆపేసి, తల వంచుకుని చెప్పింది. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి తగ్గాక వాసన పోయింది, మళ్ళీ రాలేదు. అప్పటికి ఆమె ఒక వృద్ధాశ్రమంలో వంట చేసేది. ఒకరోజు పాడైన పాలు తెలియక వాడేసింది. నలుగురు మంచాన పడ్డారు, అందులో ఒక ముసలావిడ చావు దాకా వెళ్ళి బతికింది. ఎవరూ నింద వెయ్యకపోయినా ఎలేనా ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత పొయ్యి వెలిగించలేదు. ఎవరికీ తెలియని ఊళ్ళో ఒక్కసారి పొయ్యి ముందు నిలబడగలనేమో చూసుకుందామని వచ్చిందట. వాసన సంగతి చెప్పడానికి సిగ్గుపడి, నేను తిరిగొచ్చి దించమంటానని ఎదురుచూసింది.

మునెమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె మాడిన గింజలు పారబోసి, బాణలి తుడిచి, కొత్తవి పోసింది.

"పెండ్లిలో పెద్దపొయ్యి కాడ పొగ మొగానికి కొడతాంటే మాకు మాత్రం యాడ వాసన తెలుస్తాది? సెవితో వండల్ల. కండ్లు మూసుకోని ఇనమ్మా."

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఎలేనా కళ్ళు మూసుకుంది. చిటపటలు జోరందుకుని, పలచబడగానే దించమంది మునెమ్మ. ఒక గింజను వేళ్ళ మధ్య నలిపి చూపింది. పొట్టు జారింది. సంగటి దగ్గర తడిచెయ్యి అద్దించింది. పిండి అంటుకోనప్పుడు ఉడికినట్టు.

తినేటప్పుడు ఉప్పు, పులుపు, కారం తెలుస్తున్నాయనీ, అంతకు మించి ఏమీ లేదనీ ఎలేనా దాచకుండా చెప్పింది. పాలు పాడైతే చెవీ చెప్పదు, చెయ్యీ చెప్పదు, అప్పుడేం చెయ్యాలని అడిగింది.

ఆ ప్రశ్న నేను తెలుగులో చెబితే మునెమ్మ అంది: "దానికి పక్కనోళ్ళను అడగల్ల. నాకు సదువు రాదు. మందుసీసా మీద ఏం రాసుండాదో ఈ అక్కను అడుగుతా. దాంట్లో సిగ్గేముండాది?"

ఆ మాటను ఎలేనా నాతో రెండుసార్లు చెప్పించుకుంది.

ఆరు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. అదే వృద్ధాశ్రమంలో మళ్ళీ చేరిందట. రోజూ పొద్దున పాలూ మాంసమూ తోటి వంటామెకు ఇచ్చి, వాసన చూసి చెప్పమని అడుగుతుందట. మొదటి వారం ఆ మాట గొంతు దాటి రావడమే కష్టమైందని రాసింది.

ఎన్నో ఏళ్ళుగా నేను "వాసన రాగానే" అని పాఠం చెబుతూ వచ్చాను. అది అందని మనిషి ఎదురుపడితే నా దగ్గర ఇంకో మాట లేకపోయింది, మునెమ్మ దగ్గర ఉంది. అయినా అన్నేళ్ళూ వచ్చినవాళ్ళకు ఆమెను నా సహాయకురాలనే చెప్పాను. ఇప్పుడు క్లాసు ఆమె చెబుతుంది. పక్కన నిలబడి, ఆమె మాటల్ని నేను ఇంగ్లీషులో చెబుతాను.