నాలుగో చిలక కన్ను

పదకొండు గంటల యాభై తొమ్మిది నిమిషాలకు నా చేతులు చల్లబడతాయి. పదిహేనేళ్ళుగా తిరుపతిలో నెట్ సెంటర్ నడుపుతున్నా ఆ జబ్బు పోలేదు. కొండ మీది దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు మా గుమ్మం ముందు చెప్పుల గుట్ట పడుతుంది. మూడు కంప్యూటర్లు తెరిచిపెట్టి, ఎవరెవరి పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకుని కూర్చుంటాను. సమయం కాగానే వేళ్ళు వాటంతట అవే పరిగెత్తుతాయి. నాది మంచి చెయ్యి అని మా వీధిలో పేరు. టికెట్లు పడకపోతే అదే వీధి నన్ను తిట్టిపోస్తుంది, అది వేరే సంగతి.

అలాంటి చేతికి మూడు చెరువుల నీళ్ళు తాగించింది ఒక సెల్‌ఫోన్.

ఏదో పెద్ద కంపెనీ కొత్త ఫోన్ ఒకటి తెచ్చింది. కొన్నే చేశామని, ప్రతి మంగళవారం పన్నెండింటికి మాత్రమే అమ్ముతామని, అదీ నెట్‌లోనేనని ఊదరగొట్టింది. ఫోన్ వెనక అద్దం అడుగున పట్టుచీర అంచు ఉంటుందట. ఆకుపచ్చ మీద బంగారు చిలకలు, నువ్వుగింజంత చిలకలు, అంచు పొడవునా వరసగా నడిచిపోతుంటాయి. జనానికి పిచ్చెక్కింది. కాలేజీ పిల్లలు సరే, లాడ్జి మేనేజర్లు, లడ్డూ తప్ప వేరే తీపి ఎరగని పెద్దమనుషులు కూడా చేతిలో శుభ్రంగా పనిచేసే ఫోన్ పెట్టుకుని, అక్కా అదొకటి కొట్టిపెట్టు అని వచ్చేవాళ్ళు. దేవుణ్ణి చూడాలని ఆరాటపడితే అర్థముంది, దీనికేం పోయేకాలం అని విసుక్కునేదాన్ని. విసుక్కుంటూనే పేర్లు రాసుకునేదాన్ని, వ్యాపారం కదా.

ఆ వారంలోనే నగరి నుంచి మా నాయన ఫోన్ చేశాడు. ఆయన నేతగాడు. ముందు చేమగ్గం, తర్వాత మరమగ్గం, ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాక మా తమ్ముడి ఇంట్లో టీవీ.

"ఆ సెల్లు ఎనకాల సిలకల్ని సూసినావా మ్మా? అయి నా సిలకలు."

నవ్వొచ్చింది. ఇంకా ఎక్కువగా కోపమొచ్చింది, ఎందుకంటే ఆ చిలకల కథ నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నాను.

కథ ఇదీ. మగ్గం నెత్తిన జకార్డ్ పెట్టె ఉంటుంది. దానికి చిల్లులు పొడిచిన అట్టలు వరసగా కట్టాలి. అట్టలో ఎక్కడ చిల్లి ఉంటే అక్కడి పోగు లేస్తుంది, ఆ లేవడంలోనే బొమ్మ పడుతుంది. మా నాయన గీతల కాగితం మీద తనే చిలకల అంచు గీసి, తనే అట్టలు పొడిచాడట. నాలుగు చిలకలకు ఒక అట్టల దండ. నాలుగో చిలక కంటి దగ్గరకొచ్చేసరికి, ఇంకా నడక రాని నేను పాకుతూ పోయి అట్టల మధ్యలో కూర్చుని గుక్కపట్టి ఏడ్చానట. నన్నెత్తుకుని తిప్పి తిరిగొచ్చి, ఆ ఒక్క చిల్లి మరిచిపోయి తర్వాతి అట్ట తీశాడు. దాంతో ఆ దండతో నేసిన చీరలన్నిటిలోనూ ప్రతి నాలుగో చిలకకూ కన్ను లేదు. చీరలన్నీ అమ్ముడుపోయాకే తనకు తెలిసిందని చెప్పేవాడు.

పెళ్ళిళ్ళలో, చావుల్లో, బస్సులో పక్కసీటు వాళ్ళతో కూడా ఇదే కథ. నన్ను చూపించి, ఇదో సిలక కన్ను మింగిన పిల్ల అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నాకు తల కొట్టేసినట్టుండేది. పెద్దయ్యాక ఎదురు తిరగడం నేర్చుకున్నాను. అంత పనోడివి కదా, కళ్ళ ముందర అన్ని చీరలు దిగుతుంటే నీకు కనపడలేదా అని అడిగితే ఆయన మాట మార్చేసేవాడు. ఆ తప్పించుకోవడం చూసి ఇదంతా కట్టుకథేనని ఖాయం చేసుకున్నాను. సాక్ష్యం మాత్రం ఎక్కడుంది? చీరలు నేయించిన ఆసామి తీసుకుపోయాడు, మా ఇంట ఒక్కటి మిగల్లేదు. మరమగ్గాలొచ్చాక అట్టలు పొయ్యిలోకి పోయాయి.

ఫోన్ ఫొటోలు నేనూ పెద్దవి చేసి చూశాను. చిలకలు ముక్కలు ముక్కలుగా విరిగిపోయాయే గానీ కన్నున్నదీ లేనిదీ తేలలేదు. వీడియోల్లో అయితే అద్దం తళతళ తప్ప ఏమీ కనపడదు. చేతిలో పట్టుకుని భూతద్దం పెడితే తప్ప కుదరదని నాయన తేల్చేశాడు. కొనే పన్లేదు, ఎవురినైనా ఒక్కతూరి సేతికిచ్చి తీసుకోమను సాలు అన్నాడు. ఏ అంగట్లోనూ చూపించడానికి ఒక్క ముక్క లేదు. ఉన్నవన్నీ మంగళవారం పన్నెండింటి అమ్మకంలోనే ఉన్నాయి.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఫోన్. పడిందా? పడలేదు నాయనా, మంగళవారం ఇంకా రాలేదు. అరగంటకు మళ్ళీ. మా తమ్ముడు చెప్పాడు, అన్నం ముందు కూర్చుని వేలితో కంచం అంచు చుట్టూ లెక్క పెడుతున్నాడట, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని. డెబ్బై దాటిన మనిషికి ఆ ఆత్రం చూస్తే నాకు భయమేసింది. చిలకకు కన్నుంటే? ఇంతకాలం చెప్పుకున్న కథ అబద్ధమని నా ఎదురుగానే తేలిపోతే? ఆయన మళ్ళీ నోరు విప్పి ఏ కథా చెప్పడు. కట్టుకథ అని ఎన్నిసార్లు ఎగతాళి చేసినా, అది అబద్ధం కాకూడదని నాకు అప్పుడే తెలిసొచ్చింది.

మొదటి మంగళవారం ఆరు సెకన్లలో సరుకు అయిపోయింది. నా మూడు తెరల మీదా చక్రం తిరుగుతూనే ఉంది. తిట్టినవాళ్ళు తిట్టారు, నాయన మాత్రం వచ్చే మంగళవారం ఎన్నో తేదీ అని అడిగి ఫోన్ పెట్టేశాడు.

రెండో వారం నేనొక ఎత్తు వేశాను. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్రవాడు, మా వీధిలోనే గదిలో ఉంటాడు, ముప్పై ఏళ్ళుంటాయి. లైను మీద వచ్చే సామానులో గీతో మచ్చో వంకరో ఉంటే పట్టుకుని పక్కన పెట్టడం అతని ఉద్యోగం. అతనికీ ఆ ఫోన్ మీద మోజే గానీ, లోపలికి సెల్లు తీసుకుపోనివ్వరు కాబట్టి పన్నెండింటికి తను కొట్టుకోలేడు. ఆ రోజుకు నీ సెల్లు నా దగ్గర పెట్టిపో, ముందు నీకే కొడతాను, పార్సిల్ నా సెంటర్‌కే రావాలి, పెట్టె ఇక్కడే తెరవాలి, మా నాయన ఒకసారి చూడాలి అన్నాను. దానికేముందక్కా అన్నాడు.

పడింది. ఎలా పడిందో నాకే తెలియదు. పన్నెండూ ఒక సెకనుకు నొక్కాను, డబ్బు కట్టమని తెర అడిగింది, అతని సెల్లులో వచ్చిన అంకెలు కొట్టాను, అయిపోయింది. నాయనకు చెబితే, పెట్టె ఎప్పుడొస్తుందని రెండుసార్లు అడిగాడు. తర్వాత, నీ సెయ్యి మంచిదే మ్మా అన్నాడు.

పెట్టె శుక్రవారం వస్తుందని ముందే మెసేజ్ వచ్చింది, అన్నట్టే పొద్దున్నే వచ్చింది. నాయన మొదటి బస్సుకే బయల్దేరి పదింటికల్లా దిగిపోయాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో మడత భూతద్దం. కుర్రవాడు డ్యూటీ దిగి వచ్చేది సాయంత్రం ఆరింటికి. అంతవరకు నాయన కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. కూర్చోడు, టీ తాగడు, పెట్టెను ముట్టుకోడు. దాని చుట్టూ అతికించిన సీలు కాగితం వైపు చూస్తాడు, గడియారం వైపు చూస్తాడు, వీధిలోకి పోయి వస్తాడు. నాకూ ఆ రోజు ఒక్క పనీ సాగలేదు. ఎవరిదో పాన్ కార్డులో పుట్టిన తేదీ తప్పు కొట్టి మళ్ళీ సరిచేశాను.

ఆరున్నరకు కుర్రవాడొచ్చి, నిలబడే, తలవంచుకుని చెప్పాడు. సీలు తీయని పెట్టెకు మద్రాసులో మంచి ధర ఉందట, ఎవరితోనో మాటైపోయిందట, తీస్తే వాళ్ళు తీసుకోరట. ఇంకోసారి ఎవరిదైనా పడినప్పుడు పెద్దాయనకు చూపిద్దాం అక్కా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నమ్మించి గొంతు కోస్తావా, నా చెయ్యి లేకుంటే ఈ పెట్టె నీకు కలలోకైనా వచ్చేదా అని నోటికొచ్చినట్టు కడిగేశాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. అతనూ మొండికెత్తి పెట్టె చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు నాయన నన్ను చేత్తో ఆపి, అతనితో చాలా మామూలుగా అన్నాడు.

"అమ్ముకో ప్పా, నీ సొమ్ము. అయితే దాంట్లో ఒక తప్పుండాదని నేనంటాండా. నాలుగో సిలక్కి కన్నుండదు. లోకంలో ఎవురూ పట్టలేదు."

కుర్రవాడు గుమ్మం దాకా పోయాడు. చెప్పులు వేసుకున్నాడు. మళ్ళీ విప్పాడు. ఒక్కటిలోనా, అన్ని ఫోన్లలోనా అని అడిగాడు. అట్ట నాదే అయితే అన్నిట్లోనూ అన్నాడు నాయన. అంత పెద్ద కంపెనీలో తనిఖీ దాటి తప్పు ఎలా వస్తుంది, రాదు అన్నాడు కుర్రవాడు. నాయన జేబులోంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అతను పెట్టెను అటూ ఇటూ తిప్పాడు, బల్ల మీద పెట్టాడు, చేతులు కట్టుకున్నాడు, విప్పాడు. రోజంతా తప్పులు వెతికి తినేవాడికి తప్పుందని చెప్పి చూడకుండా పొమ్మంటే ఎలా పోతాడు? ఛ, రాత్రికి నిద్ర పట్టదు అని గొణుక్కుని గోటితో సీలు చింపేశాడు.

ముందు అతనే చూశాడు. భూతద్దం తీసుకుని, ఒక కన్ను మూసి, మూల నుంచి మొదలుపెట్టాడు. వేలు ఒక చిలక దగ్గర ఆగింది. ముందుకు పోయి మళ్ళీ ఆగింది. ఎనిమిదో చిలక, పన్నెండో చిలక. తలెత్తి నాయన వంక చూసి, ఇది నా లైను మీదికొస్తే పక్కన పడేసేవాణ్ణి పెద్దాయనా అన్నాడు. ఆ మాటకు నాయన ముఖం వెలిగింది చూడండీ, దర్శనం చేసుకుని బయటికొచ్చిన వాళ్ళ ముఖాల్లో కూడా నేనంత వెలుగు చూడలేదు.

నాయన చూడనే లేదు. భూతద్దం నా చేతిలో పెట్టాడు.

ఒకటి, రెండు, మూడు, బంగారు తలల్లో సూదిమొనంత ఆకుపచ్చ కళ్ళు. నాలుగోది గుడ్డిది. తల మొత్తం బంగారమే. ఎవరో ఎక్కడో ఒక పాత చీర కొని, బొమ్మ తీసి, ఆ గుడ్డిదాన్ని గుడ్డిదానిలాగే అచ్చుకొట్టారు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాను. కట్టుకథ అని ఎన్నేళ్ళు అన్నానో అన్నీ గుర్తొచ్చాయి. తప్పైపోయింది నాయనా అన్నాను.

బస్టాండుకు నడుస్తూ ఆయన తనంతట తానే ఆ మాట ఎత్తాడు.

"నాకు కనపల్లేదని సెప్పింది అబద్ధం మ్మా. మొదటి సీర దిగినప్పుడే సూసినా. ఒక్క సిల్లి పొడిస్తే సరిపోతాండె."

"మరెందుకు పొడవలేదు?"

"నువ్వేడ్సిన పూట గదా అది. ఉండనీలే అనుకున్యా."

ఆసామి తిడతాడని ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదట, తర్వాత చెప్పాలంటే సిగ్గేసిందట. నేను నడిరోడ్డు మీదే ఏడ్చాను. ఆయన నవ్వి, ఇంగ సాలు మ్మా, ఈడ అట్టలేమీ లేవు అన్నాడు. పుత్తూరు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు, బస్సు కదలకముందే కళ్ళు మూతలు పడ్డాయి.

కుర్రవాడు ఫోన్ అమ్మలేదు. తనే వాడుకుంటున్నాడు, వచ్చినవాళ్ళకల్లా నాలుగో చిలకను చూపిస్తున్నాడు. నాయన ఇప్పుడు పొద్దున్నే ఫోన్ చేయడం లేదు. మంగళవారం వస్తే కుదురు లేనిది నాకే. ఆ ఫోన్ కోసం ఎవరి పేర్లూ రాసుకోవడం మానేశాను. మూడు కంప్యూటర్లలోనూ నా పేరే పెట్టుకుని పదకొండున్నర నుంచి కూర్చుంటున్నాను. నాది మంచి చెయ్యంటారు గానీ, ఇంతవరకు ఒక్కటీ పడలేదు.