పేరు చెక్కించిన సింబల్

తెల్లవాళ్ళ యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు దొరక్క మా ఇంట్లో మగ్గం మూలపడింది. నేను పెళ్ళిళ్ళ బ్యాండులో డ్రమ్ము కొట్టేవాణ్ణి. ముహూర్తాలు లేని నెలల్లో బ్యాండువాడికి గోళ్ళు గిల్లుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఇంట్లో నాయనా నేనూ ఇద్దరమే. ఇద్దరమూ ఖాళీగా కూర్చుంటే ఒకరి ముఖం ఒకరికి కారంగా ఉండేది.

అప్పుడు తెల్ల సిపాయిలుండే దండులోని డ్యాన్సు హాలు నుంచి కబురొచ్చింది. పియానో వాయించే ఆంగ్లో ఇండియన్ ఆమె ఆ బ్యాండుకు పెద్ద. నన్ను కాసేపు డ్రమ్ముల దగ్గర కూర్చోబెట్టి చూసింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి మగ్గం తొక్కిన కాళ్ళు, పెద్ద డ్రమ్మును కాలితో మోగించే ఆ పెడలొక లెక్కా! ఆమెకు నచ్చాను. కానీ పాత డ్రమ్మరు సైన్యంతోపాటు వేరే ఊరు పోతూ తన పెద్ద సింబల్ పట్టుకుపోయాడట. అది స్టాండు మీద ఆడే పళ్ళెంలాంటి కంచు రేకు. పాట ఎత్తుకోవాలన్నా ముగించాలన్నా దానిమీద ఒక దెబ్బ పడాలి. “శనివారం సాయంత్రానికి నీ సింబల్ నువ్వు తెచ్చుకో. లేదంటే ఇంకొకతను ఉన్నాడు” అంది. వారం వారం జీతం వచ్చే పని. అది పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

ఇంటికొచ్చేసరికి నాయన అన్నం తింటున్నాడు. ఆయనకు ఒక కంచు పళ్ళెం ఉండేది. అది ఆయన పెళ్ళికి వచ్చినది. దాంట్లో తప్ప ఇంకెందులోనూ ముద్ద దిగేది కాదు. విషయమంతా చెప్పి, నోరు ఊరుకోక, “నీ పళ్ళేన్నే వేలాడదీస్తే సరిపోతుంది నాయనా” అన్నాను.

“అన్నం తినేదాన్ని కొడతావేంరా? తెల్లోళ్ళు ఎగిరేదానికి నా పళ్ళెం కావాల్నా?” అని కసిరాడు. నాకూ కోపం ముక్కుమీదే ఉంటుంది. చొక్కా వేసుకుని బయటికి పోయాను.

అయినా గురువారం సింబల్ వెతకడానికి నేను బయలుదేరుతుంటే ఆయన కూడా చెప్పులు వేసుకున్నాడు. “కంచు కొనేది నీకేం తెలుసప్పా. మెరిసేదాన్ని చూసి మోసపోతావు” అన్నాడు.

వాద్యాల అంగళ్ళుండే బళేపేటలో కొత్తవి చూశాం. ఓడలు రాకపోవడంతో ఉన్న ఒకటి రెండింటినీ అంగడివాడు దేవుడి పటాల్లా గోడకు తగిలించాడు. ధర వినగానే నాయన దండం పెట్టి మెట్లు దిగాడు. పాత్రల అంగట్లో ఇత్తడి పళ్ళెం కొట్టి చూస్తే డబ్బుమని ఊరుకుంది. ఆఖరికి గుజరీ సంతకు పోయాం. అక్కడ పాత ఇనుప సామాన్ల మధ్య మూడు సింబల్స్ దొరికాయి. మొదటిది మందం, కొడితే గుడిగంటలా మోగి ఎంతకీ ఆగలేదు. ఆ మోత ఆగేలోగా పాట అయిపోతుంది. రెండోది అంచు వంగింది. మూడోది నల్లగా మకిలి పట్టి, చూడబుద్ధి కాకుండా ఉంది.

నాయన మూడోదాని నడిమి తూటులో తాడు దూర్చి పైకెత్తి, అంచును వేలి కణుపుతో తట్టాడు. సన్నగా లేచి, వెడల్పయి, మెల్లగా చల్లారింది. అంచంతా గోరు పెట్టి నడిపించాడు. ఎక్కడా చీలిక తట్టలేదు. “ఇదే” అన్నాడు. పెళ్ళిళ్ళలో కూడబెట్టిందంతా అక్కడే ఊడ్చిపెట్టాను.

శనివారం పొద్దున నాయన దాన్ని గుడ్డలోంచి తీసి నా ముందు పెట్టాడు. చింతపండుతో తోమాడు, బంగారంలా ఉంది. అంచున చుక్కలు చుక్కలుగా నా పేరు! “నిన్న మధ్యాహ్నం నువ్వు నిద్రపోతాంటే పాత్రల అంగడికి పోయి చెక్కించుకొస్తి. దండులో నానా రకాల జనం ఉండారు, ఎవరన్నా మార్చేస్తే? పేరుంటే మనదని తెలుస్తాది” అన్నాడు.

చెంబుకైనా గరిటెకైనా పేరు లేకుండా మా ఇళ్ళల్లో వస్తువు గడప దాటదు. కానీ అది చెంబు కాదు. ఉలి దెబ్బలు తగిలిన రేకును మళ్ళీ కర్రతో కొట్టాలి. నాయన అటు తిరగ్గానే తట్టి చూశాను. మోత చివర జిర్రుమంది. గోరు పెట్టి నడిపిస్తే ఆఖరి అక్షరం దగ్గర వెంట్రుకంత చీలిక తగిలింది. నాయన ఇటు తిరిగాడు.

“బాగుండాదా?” అన్నాడు.

“బాగుండాది నాయనా.”

ఇంకొకటి కొనడానికి డబ్బూ లేదు, పొద్దూ లేదు.

సాయంత్రం హాల్లో, కర్ర తగలకుండా చీలిక వైపు అవతలికి తిప్పి పెట్టుకుని మొదలుపెట్టాను. స్టాండు మీద సింబల్ ఒకచోట నిలుస్తుందా! కొట్టిన ప్రతిసారీ కాస్త కాస్త తిరుగుతూ నా పేరు నావైపే వస్తోంది. ఎడమచేత్తో వెనక్కి నెట్టడం, మెల్లగా తాకించడం. చెమటకు కర్ర జారుతోంది. పియానో ఆమె రెండుసార్లు నావైపు చూసింది. వంటింటి వరండా తలుపు దగ్గర చంకలో సంచితో నాయన నిలబడి ఉన్నాడు. రావద్దని చెప్పినా వచ్చాడు. నాకు ఫలహారం తెచ్చాడనుకున్నాను. ఆయన కళ్ళముందు అది పగలకూడదు, అంతే.

ఆఖరి పాట చివర ఆమె చెయ్యి పైకెత్తి గట్టిగా కొట్టమని సైగ చేసింది. తప్పించుకునే దారి లేదు. కళ్ళు మూసుకుని కొట్టాను. హాలంతా మోగింది. చివరి జిర్రు చప్పట్లలో కలిసిపోయింది. “వచ్చే శనివారం రా” అంది ఆమె.

బయటికొచ్చి నడుస్తున్నాం. సగం దారిలో నాయన, “అంత మెల్లగా ఎందుకు కొట్టినావో నాకు తెలుసప్పా” అన్నాడు. “చెక్కించినాక తట్టి చూస్తి. పలుకు మారిపోయినాది. నీతో చెప్పేకి నోరు రాలే.”

బరువుగా ఉందని ఆయన చంకలోని సంచి అందుకున్నాను. లోపల ఫలహారం లేదు. ఆయన కంచు పళ్ళెం ఉంది. వేలు పెడితే, సరిగ్గా నడిమధ్య, స్టాండుకు పట్టేంత తూటు.

“అది పగిలితే నీకు ఇంకొకటి ఉండాల గదా” అన్నాడు.

తూటు పడిన పళ్ళెంలో మా వాళ్ళు అన్నం తినరు. ఆ రాత్రి నుంచి నాయన విస్తరాకులో తిన్నాడు.