తిరుత్తణి మొక్కు జడ

రబ్బరుతోట బడిలో మధ్యాహ్నం గంట కొట్టేదాకా వాంతి చేసుకోకుండా కూర్చోవడం, చెంగల్రాయుడు మలయాలో సాధించిన మొదటి విజయం. అందుకు వాడికి పదిహేడు రోజులు పట్టింది. కార్వేటినగరం బడిలో ఇరవై ఎక్కాలు తడుముకోకుండా చెప్పి పలక బహుమానం తెచ్చుకున్నవాడు, ఏడేళ్లకే నూరు పద్యాలు నోటికి వచ్చినవాడు. అంతటివాణ్ణి ఓడించింది ఒక కంపు.

1947లో తండ్రి మునెయ్య తోటపనికి ఒప్పుకుని, భార్యనూ కొడుకునూ మద్రాసులో ఓడ ఎక్కించాడు. ఆ తోటలో బడి పక్కనే రబ్బరు రేకులు ఆరబెట్టే కొట్టం. పులిసిన పాలూ, కుళ్లిన గుడ్లూ, తడిసిన తోలూ కలిపి ఎండబెట్టినట్టుండే ఆ కంపు చాపలోకీ, అన్నంలోకీ, తాగే నీళ్లలోకీ వచ్చేది. చెట్ల కింద నడిస్తే కాళ్లకు జలగలు. పిల్లలు వాటిని ఉప్పు చల్లి రాల్చి, నవ్వుతూ తొక్కేవాళ్లు. చెంగల్రాయుడికి జలగలకన్నా ఆ నవ్వులే ఎక్కువ రోత.

వాళ్లకేమో వీడి జడంటే రోత. పుట్టినప్పటి నుంచీ కత్తెర తగలని జుట్టు అది. తొమ్మిదో ఏట ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ మీద స్వామికి ఇస్తానని తల్లి సుబ్బులమ్మ మొక్కుకుంది. అంతదాకా ఒక్క వెంట్రుక తెగినా మొక్కు చెడినట్టే.

“ఒరే, రిబ్బను ఇచ్చేదా?” అని పక్కింటి పంకజాక్షి రోజూ అడిగేది. చిత్తూరు వాళ్ల పిల్లే అయినా పుట్టింది ఆ తోటలోనే. పదేళ్లుంటాయి.

“నీ కాడ జలగ వాసనొస్తుండాది. దూరం పో.”

“నీ తల కాడ ఏమొస్తుండాదో సూసుకున్నావా?”

ఒకనాడు పిల్లలు చెట్ల గాట్లలో ఎండిన రబ్బరు తీగలు పీకి బంతి చుడుతున్నారు. గుప్పెడు తీగలు తెస్తే ఆటలోకి రానిస్తామన్నారు. వీడు ముక్కూ కళ్లూ మూసుకుని, కింద పెట్టిన రబ్బరుపాల బక్కెట్టు మీదుగా చెట్టుకేసి వంగాడు. తల ఇంకా వాలింది. జడ పాలల్లో మునిగింది. సాయంత్రానికి అది బిగుసుకుని, గేదె తోకకు పేడ గట్టినట్టు వేలాడింది.

“కత్తిరించి పారేయి మునెయ్యా, ఆ అసయ్యం యాడ పెట్టుకుంటావు?” అన్నాడు తోటలో మందులిచ్చే చిన్నబ్బ.

సుబ్బులమ్మ కొడుకు తల మీద కొంగు కప్పి, గడపకు అడ్డంగా కూర్చుంది.

పంకజాక్షి కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది. “అత్తా, మాయమ్మ చీరకు రబ్బరుపాలు అంటితే ఇట్లనే తీస్తాము. నూనెలో నానల్ల, పోగుపోగుగా లాగల్ల.”

నాలుగు రోజులు లాగింది. మధ్యలో లేచి కాలువ దగ్గర ఉమ్మి వచ్చేది.

“నీ తల కంపుకు నేను సరిగ్గా కూడు తిని మూడు దినాలాయ.”

“నీ చేతుల కంపుకు నేనూ తినలా.”

నాలుగో రోజు సుబ్బులమ్మ ఇద్దరికీ ఒకే పళ్లెంలో పులుసన్నం కలిపింది. మొహాలు చిట్లించుకుంటూనే ఊడ్చి తిన్నారు.

ఆ తర్వాత వాడు అరవం చదవడం నేర్చాడు. తరగతిలో మొదటివాడయ్యాడు. బంతాటలో పెద్ద పిల్లలనూ ఓడించాడు. కంపు మాత్రం ఈనాటికీ పడదు. పంకజాక్షి చుట్టిచ్చిన బంతిని ఇంట్లోకి తేడు, బయట చూరులో దోపుతాడు.

మునెయ్య కార్వేటినగరంలో తనవాళ్లకు జాబు రాశాడు. ఒక్క వెంట్రుకా తెగలేదట, జడ నడుము దాటిందట. గుండుతో దిగిన ఫోటో పంపకపోతే పలకనని పంకజాక్షి వాణ్ణి బెదిరించిందట. 1949 జూలై పదహారు, శనివారం పొద్దున, మొక్కు తీర్చడానికి ముగ్గురూ తిరుత్తణి స్టేషనులో దిగుతారు.