ఎలుక నోట్లో బెల్లం ముక్క

ముందే చెప్పేస్తున్నా, నా చేతిలో పడ్డ చీమ ఏనుగై గానీ బయటికి పోదు. కాబట్టి ఈ ఎలుకలు పిల్లులంత ఉండేవని రాస్తే మీరే కాస్త తగ్గించుకోండి.

డెబ్బైల చివర్లో, బెంగళూరులో ఒక పరిశోధనశాలలో ఎలుకలకు మేత వేసి, గూళ్ళు కడిగే ఉద్యోగం నాది. మా మేడం మెదడు శాస్త్రవేత్త. వాళ్ళ నాయనకు వణుకుడు జబ్బు. కాఫీ లోటా నోటికి చేరేలోగా సగం పంచెకే దక్కేది. దిగులు మెదడును తినేసి ఆ జబ్బును తెచ్చిపెడుతుందా అన్నది ఆమె ప్రశ్న. అందుకని సగం ఎలుకలను రోజూ కాసేపు ఇరుకు గొట్టాల్లో పెట్టి బెదరగొట్టేది. మిగతా సగం హాయిగా తిని పడుకునేవి. చివరికి అన్నింటినీ సన్నటి కర్ర మీద నడిపించింది. బెదిరినవి తడబడాలి.

తడబడలేదు. బళేపేట సందుల్లో గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని పోయే మా అత్తలాగా చకచకా నడిచాయి.

"రెండేండ్ల పని బూడిదప్పా," అంది మేడం, కర్ర పక్కనే కూలబడి. "నా ఊహే తప్పు. రేపు మన ల్యాబు పెద్దాయనకు చెప్పి ఈ పని మూసేస్తాను."

నా గుండె చప్పుడు మడివాళ దాకా వినిపించి ఉంటుంది. ఎందుకంటే, చిన్నప్పుడు నేను జడుసుకుంటే మా అవ్వ వీపు నిమిరి, నోట్లో బెల్లం ముక్క పెట్టి "ఏమీ కాలేదులే నాయనా" అనేది. గొట్టంలోంచి బయటికొచ్చిన ప్రతి ఎలుకకూ నేను అదే చేస్తున్నా. రెండేండ్లుగా.

ధైర్యం తెచ్చుకుని చెప్పేశా. "తప్పు మీ ఊహది కాదు మేడం, నాది."

"బెల్లమా?"

"వీపు కూడా నిమిరినాను. జడుసుకున్న పిల్లోల్లను సుమ్నే, ఊరికే ఎట్లా ఇడిచిపెట్టేది?"

ఉద్యోగం పోయిందనుకున్నా. ఆమె నవ్వింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. "అయితే నా ప్రశ్న ఇంకా బతికే ఉండాదప్పా! మళ్ళీ మొదట్నించీ చేద్దాం. ఈసారి మూడు గుంపులు. మూడోది నువ్వు నిమిరేది."

నేను వదిలిన ఊపిరికి గోడ మీది క్యాలెండరు ఆర్నెల్లు ముందుకు తిరిగింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోతూ దారిలో బెల్లం అచ్చు కొంది. వాళ్ళ నాయనకే అనుకుంటా.

ఇందులో అచ్చంగా కల్పించింది ఒక్కటే, ధైర్యం తెచ్చుకుని చెప్పేశానన్నది. నన్ను పట్టించింది గూళ్ళ చుట్టూ బారులు తీరిన చీమలు. "ఈడ చీమలెందుకుండాయి?" అని మేడం అడిగాకే నా నోరు పెగిలింది. వాటిని మాత్రం చీమలుగానే రాశాను.