మూడువేల రెండొందల వేగం

పదకొండో దినం విస్తళ్లు ఎత్తకముందే బుచ్చిరాములు షట్టర్ మాట ఎత్తాడు.

"ఉమా, తమ్ముడు పోయిండు. ఇగ ఆ కంప్యూటర్ల దుకాణం నీతోని అయితదా? పోరగాండ్ల నడుమ ఆడమనిషి కూసునుడు బాగుంటదా? మొబైల్ కవర్లు అమ్మెటాయన ఒకాయన కిరాయికి అడుగుతుండు. ఇచ్చేసి నిమ్మళంగ ఇంట్ల ఉండు."

పెద్దబావ మాట విని ఉమారాణి విస్తళ్లు ఎత్తడానికి వంగింది. ఇంటి నిండా చుట్టాలున్నారు. సోమవారం పొద్దున మాత్రం తాళంచెవులు తీసుకుని తనే వెళ్లి షట్టర్ ఎత్తింది. అది సగం దాకా వచ్చి ఇరుక్కుంది. భర్త బాలరాజు దాన్ని ఒక చేత్తో ఎత్తేవాడు. ఆమె కొంగు దోపుకుని భుజం ఆనించి నెట్టింది. ఎదురుగా జిరాక్స్ షాపు వాళ్లు సాయానికి రాబోతే వద్దని చెయ్యి ఊపింది.

ఆమె పుట్టిల్లు నాచారం. తాత కాలంలో వాళ్ల వరి పండిన చోట ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. తండ్రి సిద్దయ్య అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. "మన భూమికి మనమే కావలి" అని నవ్వేవాడు. ఆ నవ్వంటే ఉమారాణికి చిన్నప్పటి నుంచీ పడదు. ఫ్యాక్టరీ వాళ్లు భూమి అడిగినప్పుడు ఇచ్చేసి, తర్వాత గేటు దగ్గర కూర్చుని నవ్వుకోవడం ఏమిటని ఆమె కోపం. ఆ కోపాన్ని మెట్టినింటికి కూడా వెంట తెచ్చుకుంది.

పెళ్లై ఉప్పల్ వచ్చేనాటికి బాలరాజు చౌరస్తాకు ఇవతల, రామంతాపూర్ వెళ్లే రోడ్డు పక్క గల్లీలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. హాల్‌టికెట్లు ప్రింట్ తీయడం, రైలు టికెట్లు బుక్ చేయడం, పాడైన కీబోర్డు మార్చడం ఆమె అక్కడే నేర్చుకుంది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సెంటర్‌కు మనుషులు రావడం మానేశారు. బాలరాజు పట్టు వదలకుండా దాన్ని గేమింగ్ సెంటర్‌గా మార్చి, ఆరు కొత్త సిస్టమ్‌లు పెట్టాడు. విడిగా గ్రాఫిక్స్ కార్డులు కొనే తాహతు లేక, తెరమీది బొమ్మను కూడా ప్రాసెసరే గీసే రకం ఎంచుకున్నాడు. అవి వచ్చిన ఏడాదిలోనే గుండె ఆగి పోయాడు.

ఆయన పోయాక కూడా సెంటర్‌కు రావడం మాననివాళ్లలో రంజిత్ ఒకడు. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి మల్లాపూర్‌లో ప్యాకింగ్ పని చేసే పిల్లగాడు. షిఫ్ట్ దిగి నలుగురు దోస్తులతో వచ్చి కాల్పుల ఆట ఆడేవాడు. ఒక సాయంత్రం అతను ఆట మధ్యలో హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఏమనుకోకు. రేపటి సంది మేము చౌరస్తా కాడ కొత్తగ పెట్టిన సెంటర్‌కు పోతం. నీ సిస్టమ్‌లు ఆగాగి ఉరుకుతున్నయ్. నేను ఇటు తిరిగేలోపట్నే అవుతలోడు కాల్చి పోతుండు."

"కొత్తయే గదరా ఇవి."

"కొత్తయే అక్కా. గని ముసలోళ్ల లెక్క నడుస్తున్నయ్."

మర్నాడు వాళ్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఉమారాణి ఈ సిస్టమ్‌లు బిగించిన పవన్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను వచ్చి ఒక డబ్బా విప్పి, దుమ్ము ఊది, పెదవి విరిచాడు.

"ఈ ప్రాసెసర్ తాకత్ గింతే మేడమ్. స్పీడ్ కావాలంటే పెద్దది ఏసుకోవాలె. లేకుంటే గ్రాఫిక్స్ కార్డులు పెట్టుకోవాలె."

ఆ రెండూ ఆమెకు అయ్యేవి కావు. విప్పిన డబ్బాలోకి వంగి చూస్తుంటే, ర్యామ్ అనే మెమరీ కడ్డీ మీద అంటించిన స్టిక్కర్ కనిపించింది. దాని మీద 3200 అని ఉంది. పక్క సిస్టమ్‌లో మెమరీ వేగం చూపించే పేజీ తెరిచింది. అక్కడ 2133 అని ఉంది.

"తమ్మీ, దీని మీద మూడువేల రెండొందలు అని రాసుంది. ఇక్కడేమో రెండువేల చిల్లర సూపెడ్తుంది. ఎందుకు?"

పవన్‌కుమార్ స్క్రూలు బిగిస్తూనే చెప్పాడు. "అది కంపెనీ పెట్టిన సేఫ్ స్పీడ్ మేడమ్. ఆ 3200 రావాలంటే మెషిన్ లేచెటప్పటి సెట్టింగుల పేజీ, గదే బయాస్‌ల, ఎక్స్‌ఎంపీ అని ఒక ప్రొఫైల్ ఉంటది, అది ఆన్ చెయ్యాలె. గని అది ఓవర్‌క్లాకింగ్ లెక్క, హద్దు మించి ఉరికిచ్చుడన్నట్టు. కొన్ని పడ్తయి, కొన్ని పడవు. ఏదన్న అయితే వారంటీ రాదు. నేనైతే ఎవరికీ చెయ్య. మీరు గూడ ముట్టకుండ్రి. నడుస్తున్నయి గద."

అతను వెళ్లిపోయాడు. ఆ చివరి మాట మాత్రం ఉమారాణి చెవిలో ముల్లులా ఉండిపోయింది. నడుస్తున్నయి గద. కాలేజీ మానిపించినప్పుడు ఇంట్లో అన్నది అదే మాట. ఇంటి పని ఎట్లాగూ నడుస్తోంది, చదువెందుకని. మూడువేల రెండొందలకు తయారైన వస్తువును రెండువేల చిల్లర దగ్గర కట్టేసి, దాన్నే క్షేమం అనుకోమంటున్నారు.

వారం రోజులు ఆమె దొరికిన వీడియోలన్నీ చూసింది. తమ బోర్డు లాంటిదే చూపించినవాటిని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పింది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగాన్ని మధ్యాహ్నం చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ అత్త ఈరమ్మకు చెప్పింది.

"అత్తమ్మా, పెండ్లి వంట అనుకో. వంటాయన చేతులు మస్తు ఉరుకుతయి. గని కూరగాయలు అందిచ్చెటోడు నిదానం. ఇగ వంటాయన ఏం జేస్తడు? గరిటె పట్టుకోని నిలవడ్తడు."

"మరి ఆ అందిచ్చెటోన్ని జర బిరాన అందియ్యమను."

"గదే నేను జేద్దామంటున్న. వంటాయన ప్రాసెసర్, అందిచ్చెటోడు మెమరీ. ప్రాసెసర్ వేగం గదే ఉంటది, దాని అంకె పెరగదు. ఊకె నిలవడి సూసుడు తగ్గుతది. మన దాంట్ల బొమ్మలు గీసుడు గూడ దాని పనే. గందుకే అందిచ్చుడే ముఖ్యం."

"కాలిపోతదా?"

"అంత తొందరగ కాలదు. కొన్ని మాత్రం మొరాయిస్తయట."

ఈరమ్మ ఈనె తీసి పక్కన వేసి, "మొరాయిస్తె మల్ల మామూలుగ అయితదా?" అని అడిగింది. అవుతుందంది కోడలు. "ఇగ భయమెందుకు" అని ముసలామె చేటలో చెయ్యి పెట్టింది.

ఆదివారం పొద్దున సెంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఉమారాణి మొదటి సిస్టమ్ ముందు కూర్చుంది. ఆన్ చేస్తూనే డిలీట్ బటన్ టకటకా నొక్కింది. బయాస్ తెరుచుకుంది. ప్రొఫైల్ దగ్గర "డిసేబుల్డ్" అని ఉన్న చోట "ప్రొఫైల్ వన్" ఎంచుకుంది. సరిగ్గా అప్పుడే షట్టర్ కింది నుంచి తల వంచుకుని బుచ్చిరాములు లోపలికి వచ్చాడు. వెనకే మొబైల్ కవర్ల ఆయన.

"ఇదే అన్నా దుకాణం. లోపలికొచ్చి సూడు, మంచి వెడల్పున్నది" అంటున్నాడు బుచ్చిరాములు.

ఉమారాణి సేవ్ చేసే బటన్ నొక్కింది. తెర నల్లబడింది. ఫ్యాన్లు ఒక్కసారి ఆగి మళ్లీ తిరిగాయి. మళ్లీ ఆగాయి.

"ఏం జేసినవ్? ఖరాబ్ జేసినవా?" బుచ్చిరాములు ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

ఆమె తల తిప్పలేదు. కొత్త వేగం ఇచ్చినప్పుడు మెషిన్ రెండు మూడుసార్లు తనంతట తను ఆగి లేస్తుందని వీడియోలో చెప్పారు. చూడ్డం వేరు, దాని ఎదుట కూర్చోవడం వేరు. చివరికి తెర వెలిగింది. మెమరీ పేజీలో 3200 అని ఉంది.

మాట్లాడకుండా రెండోదాని దగ్గరకు జరిగింది. అదీ లేచింది. మూడోదీ లేచింది. నాలుగోది మాత్రం లేవలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ లేదు. ఎంతసేపు చూసినా లేదు.

"అయిపాయె" అన్నాడు బుచ్చిరాములు. "నీకెందుకు ఇవన్నీ? తమ్ముడు పెట్టి పోయినవి పెట్టినట్టు ఉంచితె ఏం బోయింది? అన్నీ పాతతీరుగ పెట్టు, ఎవలకన్న అమ్ముదాం. ఈయనకు ఒకటో తారీఖుకు ఇస్తనని మాటిచ్చిన."

ఉమారాణి ప్లగ్గు పీకి, డబ్బా పక్క రేకు విప్పింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది తీసి కాసేపు ఆగితే మెషిన్ కొత్త సెట్టింగులన్నీ మరిచిపోయి మొదటికి వస్తుంది. గోటితో బ్యాటరీ పైకి లేపింది. అది అరచేతిలో పెట్టుకునే లేచి నిలబడింది.

"మాట మీరిచ్చిన్రు బావా. షట్టర్ నాది."

ఆమె ఆ కొత్తాయన వైపు తిరిగింది. "అన్నా, మిమ్మల్ని ఊకె తిప్పిన్రు, ఏమనుకోకుండ్రి. ఇది కిరాయికి లేదు."

ఆయన ఇద్దరి ముఖాలూ చూసి, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు.

"మగోడు లేని దుకాణం ఎన్ని దినాలు నడుస్తదో నేను గూడ సూస్త" అన్నాడు బుచ్చిరాములు.

"సూడుండ్రి. కుర్సీ ఏస్త, కూసోని సూడుండ్రి."

ఆయన కూర్చోకుండా వెళ్లిపోయాడు. ఉమారాణి నీళ్లు తాగి, బ్యాటరీ తిరిగి పెట్టి ప్లగ్గు కలిపింది. నాలుగో సిస్టమ్ పాత వేగంతో బుద్ధిగా లేచింది. దానికి ప్రొఫైల్ పెట్టి, వేగం ఒక్కటి మాత్రం చేత్తో ఒక మెట్టు తగ్గించి 2933 ఇచ్చింది. ఆ వేగానికి అది నిలబడింది. మిగిలిన రెండూ తగాదా పెట్టకుండా 3200కు లేచాయి.

రంజిత్‌కు ఆమే ఫోన్ చేసింది. అతను మొహమాటానికి వచ్చి కూర్చుని, కాసేపటికి ముందుకు వంగాడు. తెర మూలన సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపే అంకె, ఇదివరకు నలభై దగ్గర కొట్టుకులాడేది, ఇప్పుడు అరవై దాటి నిలబడుతోంది.

"కొత్త ప్రాసెసర్ ఏసినవా అక్కా?"

"గదే ప్రాసెసర్. దానికి బిరాన అందిచ్చుతున్న, గంతే."

అంతటితో గెలిచినట్టు కాదు. ఆ తర్వాతి శనివారం రంజిత్ జట్టు బోడుప్పల్ పిల్లలతో పందెం ఆట పెట్టుకుంది. ఆట మంచి పట్టులో ఉండగా రెండో సిస్టమ్ తెర నీలంగా మారి ఆగిపోయింది. ఒక మనిషి తక్కువై వాళ్లు ఓడిపోయారు. రంజిత్ మౌస్ పక్కకు నెట్టి లేచాడు.

"ఆ పవనన్న వద్దన్నడంట గద. ఎందుకు ముట్టినవక్కా?"

"ముట్టినందుకు కాదురా. పరీక్ష పెట్టకుండనే మీకు ఇచ్చిన. గది నా తప్పు." ఆమె గొంతు తగ్గలేదు. "మల్ల శనివారం ఆడుండ్రి. అది ఆగితె నన్నడుగు."

రంజిత్ దోస్తులను తీసుకుని పోయాడు. పవన్‌కుమార్‌కు ఈ సంగతి ఎవరు చేరవేశారో గానీ, మర్నాడు ఫోన్ చేశాడు. "చెప్పిన గద మేడమ్. ఇగ నేను సర్వీసుకు రాను."

"రాకు తమ్మీ. స్క్రూడ్రైవర్ నా కాడ గూడ ఉన్నది."

తర్వాత ప్రతి పొద్దునా ఒక్కొక్క సిస్టమ్‌కు మెమరీ పరీక్ష పెట్టి, అది నడుస్తున్నంతసేపూ గల్లీ వైపు కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండోదానిలో తప్పులు చూపే ఎర్ర గీతలు వచ్చాయి. దాన్ని కూడా మెట్టు దించింది. మళ్లీ పరీక్షిస్తే గీతలు రాలేదు. ఈరమ్మ వచ్చి చూసి, "అన్నీ ఎనకటి తీరుగ పెడ్తవా ఏంది?" అని అడిగింది.

"పెట్ట. ఏది ఎంత ఉరుకగలదో అంత ఉరుకనియ్యాలె. ఒకటి పడిందని అన్నిటిని కట్టేస్తరా?"

శనివారం రంజిత్ వచ్చాడు. ముందు ఒక్కడే వచ్చి గుమ్మంలో నిలబడి, "అది ఆగదు గద?" అని అడిగి, తర్వాత దోస్తులను పిలిచాడు. ఆట చివరి దాకా ఏదీ ఆగలేదు. వాళ్లు ఆ రోజు కూడా ఓడిపోయారు. ఈసారి తిట్టుకున్నది ఒకరినొకరు.

పోయినవాళ్లందరూ తిరిగి రాలేదు. చౌరస్తాలోని కొత్త సెంటర్‌లో ఏసీ ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి. కానీ సాయంత్రాలు ఆరు కుర్చీలూ నిండుతున్నాయి. రామంతాపూర్ కాలేజీలో చదివే హరిత అనే అమ్మాయి గుమ్మంలో తచ్చాడి, "ఆడపిల్లలు ఆడొచ్చా ఆంటీ?" అని అడిగితే, ఉమారాణి తన బల్ల పక్క సీటు చూపించింది. నోరు పారేసుకున్న ఒకణ్ణి ఆట మధ్యలోనే లేపి బయటికి పంపింది. వాడు మళ్లీ వచ్చాడు, ఈసారి నోరు మూసుకుని.

వేసవి మొదట్లో లాలాపేట్‌లో ఇలాంటి సెంటరే నడిపే రమేష్ ఫోన్ చేశాడు. తన సిస్టమ్‌లు కూడా పాత వేగంలోనే ఉన్నాయని, వచ్చి చూస్తారా అని. "వస్త అన్నా. అన్నిటికీ పడ్తదని మాటియ్య. పడకపోతె తగ్గిస్త. వారంటీ సంగతి మీరే ఆలోచన చేసుకోండ్రి" అంది. ఆయన ఒప్పుకున్నాడు.

ఆమె సంచిలో స్క్రూడ్రైవర్ వేసుకుని బయలుదేరుతుంటే, గల్లీ మొగలో బుచ్చిరాములు ఎదురయ్యాడు. చాలా రోజుల తర్వాత మాట కలిపాడు.

"ఇగ ఊరోళ్ల దుకాణాలకు గూడ పోతున్నవా?"

"పిలిచిన్రు బావా, పోతున్న. ఉప్పల్ దాటి పోవుడు గూడ తప్పేనా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఎండ మండుతోంది. షేర్ ఆటో వస్తే, ఉమారాణి చెయ్యెత్తి ఆపి, వెనక సీట్లో ఇద్దరిని జరగమని ఎక్కి కూర్చుంది.